చార్టా, ప్రొజెక్టరా, ప్యానెలా? తరగతి గదికి బొమ్మను ఎంచుకునే ముందు

పూర్వ విద్యార్థులు కలిసి బడికి ఏదైనా ఇస్తామని ముందుకొస్తే స్టాఫ్‌రూమ్‌లో మొదట వినబడే మాట "పెద్ద టీవీ అడుగుదాం సార్" అని. ప్రొజెక్టర్ అయితే బొమ్మ ఇంకా పెద్దగా పడుతుంది కదా అని పక్కన ఇంకొకరు అంటారు. సీనియర్ మేడమ్ ఒకరు ఉంటే, ముందు ఆ చిరిగిపోయిన పటాలు మార్చండి, ఒక మంచి గ్లోబు కొనండి అంటారు. కర్నూలు జిల్లాలో సైన్స్ టీచర్‌గా ఈ చర్చ మా బడిలోనూ, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనూ చాలాసార్లు విన్నాను. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అయితే ముగ్గురూ వస్తువు దగ్గర మొదలుపెడుతున్నారు. నేనైతే పాఠం దగ్గర మొదలుపెట్టమంటాను. ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు? అక్కడ వాళ్లు దేన్ని చూడాలి, ఎంతసేపు చూడాలి? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ సాధనం వాడాలో చాలావరకు తేలిపోతుంది.

2023 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే నాడు–నేడు పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకి రాయగలిగే పెద్ద తెరలు), ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. అంటే చాలామందికి "కొనాలా వద్దా" అన్న ప్రశ్న తీరిపోయింది, "ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ఆపాలి" అన్నదే మిగిలింది. ప్రైవేటు బడుల్లోనూ, ప్యానెల్ రాని బడుల్లోనూ పనిచేసేవాళ్లకు మొదటి ప్రశ్న ఇంకా ఉంది. ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ఫిల్మ్‌స్ట్రిప్ నుంచి నేర్చుకోవాల్సింది

ఇప్పటి టీచర్లు ఫిల్మ్‌స్ట్రిప్ అనే పేరును బీఈడీ, డీఈడీ పుస్తకాల్లో బోధనోపకరణాల యూనిట్‌లో చదివి ఉంటారు. వస్తువును చూసినవాళ్లు తక్కువ. అది 35 మి.మీ. ఫిల్ము ముక్క. దాని మీద ముప్ఫై, నలభై కదలని బొమ్మలు వరుసగా ఉంటాయి. చిన్న ప్రొజెక్టర్‌లో పెట్టి మర తిప్పితే ఒక్కో బొమ్మ ముందుకు జరుగుతుంది. కొన్నింటికి గ్రామఫోన్ రికార్డో, క్యాసెట్టో తోడుగా వచ్చేది. అందులో బీప్ అని మోగినప్పుడు టీచర్ తర్వాతి బొమ్మకు తిప్పాలి. 16 మి.మీ. సినిమా రీళ్ల కంటే చవక, మోసుకెళ్లడానికి తేలిక. అందుకే 1940ల నుంచి 1980ల దాకా చాలా దేశాల బడుల్లో వాడారు. వీడియో క్యాసెట్లు వచ్చాక అది మూలపడింది.

దానికి లోపాలు చాలా ఉన్నాయి. గది చీకటి చేయాలి. బొమ్మల వరుస మార్చడానికి వీల్లేదు. ఒక్క బొమ్మ పాతబడినా, తప్పు ఉన్నా, మొత్తం రోలు కొత్తది తెప్పించాలి. ఫిల్ము మీద గీతలు పడితే జీవితాంతం పడ్డట్టే.

కానీ ఒక గొప్ప గుణం ఉంది. బొమ్మ టీచర్ తిప్పేదాకా అలాగే నిలబడి ఉంటుంది. వెనక బెంచీ అబ్బాయి "సార్, ఆ తెల్లగా ఉన్నదేంటి?" అని అడిగితే జవాబు చెప్పేదాకా ఆ తెల్లది అక్కడే ఉంటుంది. ముప్ఫై బొమ్మలకు ముప్ఫై చోట్ల ఆగే అవకాశం. ఇప్పటి వీడియోలో నాలుగు నిమిషాల్లో వందల బొమ్మలు పోతాయి, ఆపాలని టీచర్ గట్టిగా అనుకుంటేనే ఆగుతుంది.

ఇది పాత వస్తువు మీద మమకారంతో అంటున్న మాట అనుకోకండి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్, ఆయన సహచరులు 2005లో ఒక పోలిక ప్రచురించారు. పిడుగు ఎలా పుడుతుంది, సముద్రపు అలలు ఎలా కదులుతాయి, ఫ్లష్ ట్యాంకు ఎలా పనిచేస్తుంది, వాహనం బ్రేకు ఎలా పడుతుంది అన్న నాలుగు పాఠాలను కొందరికి మాటలతో కూడిన యానిమేషన్‌గా, కొందరికి కాగితం మీద కదలని బొమ్మలు, పక్కన రాతతో ఇచ్చారు. ఏ పాఠంలోనూ యానిమేషన్ చూసినవాళ్లు ముందు నిలవలేదు. చాలా పరీక్షల్లో రెండూ సమానంగానో, కాగితం బొమ్మలే మెరుగ్గానో తేలాయి. కదలని బొమ్మ ముందున్నప్పుడు ఒక దశకూ ఇంకో దశకూ మధ్య ఏం జరిగిందో బుర్రే ఊహించుకోవాలి, ఆ ఊహించడమే నేర్చుకోవడం అని వాళ్ల వివరణ.

దీన్ని బట్టి వీడియోలు దండగ అని తేల్చేయడం కూడా తొందరపాటే. 2007లో హాఫ్లర్, లాయిట్నర్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 26 పరిశోధనలను కలిపి చూస్తే, మొత్తం మీద యానిమేషన్‌కే కొంత మొగ్గు కనిపించింది. చేతితో చేయాల్సిన పని నేర్పేటప్పుడు ఆ మొగ్గు చాలా ఎక్కువ. ముడి వేయడం, పరికరం బిగించడం, ప్రథమ చికిత్స చేయడం లాంటివి కదిలే బొమ్మలో చూస్తేనే బాగా వస్తాయి. కారణాలు, దశలు, భాగాలు అర్థం కావాల్సిన చోట నిలిచే బొమ్మ వెనకబడదు. నా తరగతి అనుభవం కూడా ఇదే చెబుతుంది.

ఆ శాతాల లెక్క సంగతి

టీచర్ ట్రైనింగుల్లో ఒక స్లైడ్ తప్పకుండా కనిపిస్తుంది: చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చూసినదాంట్లో 30 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందని. కింద అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు ఉంటుంది. డేల్ 1946లో తన "అనుభవాల శంఖువు" అనే బొమ్మను ప్రచురించిన మాట నిజం. అట్టడుగున నేరుగా చేసి తెలుసుకునే అనుభవాలు, కొసన మాటలు, అక్షరాలు, మధ్యలో ప్రదర్శనలు, క్షేత్ర పర్యటనలు, సినిమాలు, నిశ్చల చిత్రాలు ఉంటాయి. కానీ ఆ శంఖువులో ఒక్క శాతం కూడా లేదు. ఆ అంకెలు తర్వాత ఎవరో తగిలించినవి. ఇంత గుండ్రంగా పదులు పదులుగా వచ్చే ఫలితం ఏ ప్రయోగంలోనూ రాదని మన సైన్స్ టీచర్లకైనా అనుమానం రావాలి. పైగా ఆ మెట్లను మంచీచెడుల వరుసగా చూడొద్దని డేల్ స్వయంగా హెచ్చరించాడు. ఈ లెక్క చూపించి "టీవీ కొంటే పిల్లలకు ఇన్ని రెట్లు గుర్తుంటుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

అసలు వస్తువు దొరికితే దాన్ని మించింది లేదు

మన జిల్లాల్లో పనిచేసే టీచర్లకు ఒక అదృష్టం ఉంది. పాఠ్యపుస్తకంలో ఉన్నవి చాలా మన ఊరి పొలిమేరల్లోనే ఉంటాయి.

వేరుశనగ సంగతి చూడండి. మా వైపు బుడ్డలు అంటాం, అనంతపురం వైపు శెనక్కాయ. పువ్వు పైన పూసి కాయ మట్టిలో ఎలా కాస్తుందన్నది చాలామంది పిల్లలకు అర్థం కాదు, రోజూ చేనికి వెళ్లే పిల్లలతో సహా. దీనికి మంచి వీడియోలు ఉన్నాయి. కానీ విత్తిన రెండు నెలలకు, ఆగస్టు సెప్టెంబరు నెలల్లో, ఒక మొక్కను మట్టి కదిలించి జాగ్రత్తగా పీకి తరగతికి తెప్పించండి. పసుపు పువ్వు, పువ్వు రాలిన చోట కిందికి వంగిన ఊడ (కాయను మట్టిలోకి దింపే కాడ), ఇంకా గాల్లోనే ఉన్న ఊడ, మట్టిలో దిగి కొస ఉబ్బిన ఊడ, సగం ఎదిగిన కాయ అన్నీ ఒకే మొక్క మీద, ఒకే రోజు కనిపిస్తాయి. వీడియోలో నెలల తరబడి జరిగే కథంతా ఆ మొక్క మీద పక్కపక్కనే ఉంటుంది. వేళ్లను నీళ్లలో కడిగితే నత్రజనిని స్థాపించే బాక్టీరియా ఉండే బుడిపెలు బయటపడతాయి. ఒకటి గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. నత్రజని స్థాపన అన్న మాట ఆ రంగు చూశాక పిల్లలకు ఎప్పుడూ కొత్తగా అనిపించదు. మొక్కను చేతికిచ్చి ఐదుగురు చొప్పున గుంపుగా కూర్చోబెట్టి, పువ్వు నుంచి కాయ దాకా దశలను వాళ్లనే వరుసగా గీయమనండి. ఆ గీసిన కాగితమే ఆ పాఠానికి మీ ఫిల్మ్‌స్ట్రిప్.

కాంతి, నీడల పాఠానికి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మ ఒకటి ఉంటే చాలు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గురించి చెప్పి బొమ్మను చేతికి ఇవ్వండి. మేకతోలును కాంతి దాటేలా పలచగా చేసి రంగులేస్తారు కాబట్టి టార్చ్ ముందు పెడితే నీడ నల్లగా కాకుండా రంగుల్లో పడుతుంది. పాక్షిక పారదర్శకం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అట్టముక్క నీడ పక్కన పెట్టి చూపిస్తే చాలు. బొమ్మను తెరకు ఆనించి, వెనక్కి లాగి, నీడ ఎందుకు పెద్దదయిందో అడగండి.

రుణసంఖ్యలకు బేతంచెర్ల బండలు పరిచిన వరండా మంచి సాధనం. బండలు ఒకే కొలతలో ఉంటాయి, అతుకులే గీతలు. ఒక అతుకు దగ్గర సున్నా రాసి ఇటు ధన, అటు రుణ సంఖ్యలు సుద్దముక్కతో రాసి పిల్లల్ని నడిపించండి. మూడు మీద నిలబడ్డ అమ్మాయిని ఐదు బండలు వెనక్కి నడవమంటే ఎక్కడ ఆగుతుందో తరగతి మొత్తం చూస్తుంది. దీనికి ఖర్చు ఒక సుద్దముక్క.

అసలు వస్తువు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. చాలా చిన్నవి, చాలా పెద్దవి, చాలా నెమ్మదిగా జరిగేవి, ప్రమాదకరమైనవి. బెలుం గుహలకు పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, తీసుకెళ్లాలి కూడా. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులకు తెరిచింది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. కానీ పైనుంచి వేలాడే ఆ సున్నపురాయి కొమ్ములు వేల ఏళ్లలో ఏర్పడినవి. గుహలో నిలబడి ఎంతసేపు చూసినా ఎలా ఏర్పడ్డాయో కనబడదు. వెళ్లే ముందు రోజు తరగతిలో నాలుగు బొమ్మలు చూపించండి: వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకోవడం, ఆ నీరు సున్నపురాయిని కరిగించుకోవడం, చుక్క పైకప్పున వేలాడడం, వాయువు పోగా కాస్త సున్నం అక్కడే మిగిలిపోవడం. ఆ నాలుగూ బుర్రలో ఉన్న పిల్లలు గుహలో తడిగా ఉన్న కొమ్మును వెతుక్కుంటారు. లేని పిల్లలు సెల్ఫీలకు చోటు వెతుక్కుంటారు.

బోర్డు, చార్టు

నల్లబల్లకు ఉన్న బలం అందరికీ తెలిసిందే: బొమ్మ పిల్లల కళ్లముందు గీత గీతగా పుడుతుంది. టీచర్ చేయి ఆగినప్పుడు పిల్లల చూపు ఆగుతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలుపెట్టి కడప దాకా కె.సి. (కర్నూలు–కడప) కాలువను బోర్డు మీద గీస్తూ ఊళ్ల పేర్లు పిల్లలతోనే చెప్పించండి. అచ్చువేసిన పటం ముందు మాట్లాడని పిల్లలు కూడా "మా ఊరు ఆ వంపు దగ్గర సార్" అని లేస్తారు. గీయడం బాగా రాదని వెనకాడకండి. గీత వంకరపోయినా వరుస సరిగ్గా ఉంటే చాలు.

చార్టుకు ఉన్న బలాన్ని మనం తక్కువగా వాడుకుంటాం. అది చేతిలో కదులుతుంది. గుండె పాఠంలో పిల్లలు ఏటా తడబడేది ఒకే చోట. బొమ్మలో ఎడమ పక్కన ఉన్నది గుండె కుడి భాగం. పుస్తకంలో చూసినా, ప్యానెల్ మీద చూసినా ఈ తికమక పోదు. గుండె చార్టును మీ ఛాతీకి ఆనించుకుని తరగతి వైపు తిరిగి నిలబడండి. ఇప్పుడు కుడి కర్ణిక మీ కుడిచేతి వైపే ఉంది. ఒక పిల్లవాడిని పిలిచి వాడి ఛాతీ మీద కూడా పెట్టండి. తర్వాత చార్టును గోడకు తగిలించినా వాళ్లు మనసులో దాన్ని తిప్పుకుని చూడగలుగుతారు. 65 అంగుళాల ప్యానెల్‌ను ఎవరి ఛాతీకీ ఆనించలేం.

చార్టు మీద అక్షరాల సైజు గురించి ఒక మాట. టీఎల్‌ఎం (బోధనోపకరణాల) మేళాల్లో అందమైన చార్టులు చాలా వస్తాయి, మూడో బెంచీ నుంచి చదవలేనివే ఎక్కువ. తెలుగులో వత్తులు, గుణింతాలు అసలు అక్షరం కంటే చిన్నవి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే సైజు మనకు సరిపోదు. వెనక గోడ ఇరవై అడుగుల దూరంలో ఉంటే అక్షరం రెండు అంగుళాలకు తగ్గకుండా రాయండి, పేర్లు ఐదారు మించకుండా చూడండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడాతోనే విషయం చెప్పే చార్టు వద్దు. ప్రతి బడిలో ఆ రెండు రంగులు వేరుచేయలేని మగపిల్లలు ఒకరిద్దరు ఉండే అవకాశం ఉంది, వాళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పరు. రంగుతో పాటు పేరు కూడా రాస్తే వాళ్లకూ అందుతుంది.

మరో సంగతి, గోడ నిండా ఏడాదంతా వేలాడే చార్టులు కొన్నాళ్లకు గోడ రంగులో కలిసిపోతాయి. ఆ యూనిట్ జరిగేటప్పుడు తగిలించి, అయ్యాక తీసి చుట్టి పెట్టండి.

వీడియో ఎప్పుడు

కదలికే పాఠం అయినప్పుడు వీడియోకు సాటి లేదు. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకునే తీరు, కణ విభజనలో క్రోమోజోములు రెండు వైపులకు లాగబడటం, అగ్నిపర్వతం, హిమానీనదం. మన పిల్లలు మంచు కొండను చూసే వీలు లేదు, కదిలే మంచును అసలే లేదు. అలాంటి చోట వీడియో చూపించకపోతే అన్యాయమే.

చూపించే పద్ధతిలోనే తేడా వస్తుంది. పది నిమిషాల వీడియో మొత్తం వేసి చివర్లో "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అని ముక్తకంఠంతో వస్తుంది. మర్నాడు అడిగితే సంగీతం, ఇంగ్లిష్ వాయిస్ గుర్తుంటాయి. నేను పాటించే వరుస ఇది. ముందే చూసి అవసరమైన నిమిషమో, నిమిషంన్నరో ఎంచుకుంటాను. మొదటిసారి శబ్దం తీసేసి వేస్తాను. ఏం జరుగుతోందో పిల్లలు చెప్పాలి, తెలుగులోనే. రెండోసారి మూడు నాలుగు చోట్ల ఆపి, తర్వాత ఏమవుతుందో ముందే ఊహించమంటాను. మూడోసారి శబ్దంతో. అప్పటికి విషయం తెలిసిపోయింది కాబట్టి ఇంగ్లిష్ మాటలు వాళ్లకు భయం పుట్టించవు. ఇంగ్లిష్ మీడియానికి కొత్తగా మారిన పిల్లలకు, రెండు భాషలు పక్కపక్కన ఉన్న మన పాఠ్యపుస్తకాలతో కలిపి, ఈ మూడోసారి చాలా ఉపయోగపడుతుంది.

మేయర్ పరిశోధనల నుంచి తరగతికి పనికొచ్చే ఇంకో రెండు సంగతులు తీసుకోవచ్చు. పాఠానికి సంబంధం లేని అలంకారాలు, అవి ఎంత ఆసక్తిగా ఉన్నా, నేర్చుకునేదాన్ని తగ్గిస్తాయి. నవ్వించే కార్టూన్లు, వెనక మ్యూజిక్ ఎక్కువగా ఉన్న వీడియోను పక్కన పెట్టండి. ఇంకోటి, బొమ్మ ఒకచోట, దాని వివరణ మరోచోట ఉంటే పిల్లల దృష్టి చీలిపోతుంది. పేరు ఆ భాగం మీదే ఉండాలి. 1, 2, 3 అంకెలు వేసి కింద జాబితా ఇచ్చే బొమ్మలను పరీక్షలకు దాచుకోండి, పాఠానికి వద్దు.

పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్షా వేదికలో వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. తరగతిలో నెట్ మీద ఆధారపడకండి. ముందురోజే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ప్యానెల్ ఉన్నవాళ్లకు

ప్యానెల్ అంటే టీవీ, నల్లబల్ల, స్లైడ్ ప్రొజెక్టర్ మూడూ ఒకే చోట. కానీ మన దగ్గర ఎక్కువగా టీవీలాగే వాడుతున్నాం. నాకు బాధగా అనిపించేది ఇదే. ప్రభుత్వం అంత ఖర్చు పెట్టి ఇచ్చిన వస్తువు మీద "ప్లే" నొక్కి టీచర్ కుర్చీలో కూర్చుంటే, పాఠం ఎవరు చెబుతున్నట్టు?

దాని అసలు బలం బొమ్మను ఆపి దాని మీద రాయగలగడం. గండికోట లోయ ఫొటోను తెర మీద నిలిపి, పెన్నా ఎటు నుంచి ఎటు పారుతోందో వేలితో బాణం గీయించండి. రాతిపొరలు ఎన్ని కనబడుతున్నాయో ఒక్కో పిల్లవాడు ఒక్కో గీత గీయాలి. జియోజీబ్రాలో త్రిభుజం మూల పట్టుకుని లాగితే మూడు కోణాల మొత్తం 180 దగ్గరే ఎందుకు నిలబడుతుందో గణితం టీచర్ చూపించవచ్చు. ఇది చార్టు వల్ల కాదు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే.

మీ పాఠానికి మీరే ఫిల్మ్‌స్ట్రిప్ తయారు చేసుకోండి. ఫోన్‌తో మీ ఊళ్లోనే ఫొటోలు తీయండి. ఎనిమిదికో పదికో మించొద్దు. ప్రతి బొమ్మకూ ఒక ప్రశ్న, జవాబు కాదు. ఏ ఫొటోకైనా మీకు ప్రశ్న తట్టకపోతే అది వరుసలో అక్కర్లేదు. పాత ఫిల్మ్‌స్ట్రిప్‌కు లేని సౌకర్యం మనకుంది. వరుస మార్చుకోవచ్చు, ఏటా ఒక బొమ్మ కొత్తది చేర్చవచ్చు, పక్క బడి మేడమ్‌కు వాట్సాప్‌లో పంపవచ్చు.

2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబుల లాంటివి ఉన్నచోట ఒక లాభం ఉంది. ఆపే బటన్ పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. పునశ్చరణకు చాలా మంచిది. కొత్త పాఠానికి నేను వాడను. ఎవరు ఎక్కడ ఆగిపోయారో నాకు కనబడదు.

ఏకోపాధ్యాయ బడుల్లో లెక్క పూర్తిగా వేరు. రెండు మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే టీవీ పెట్టగానే అందరూ అటే తిరుగుతారు. అక్కడ చిన్న కార్డులే మేలు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ బడుల కోసం తయారు చేసిన కార్డుల పద్ధతి చూడదగినది. ఒక్కో కార్డు ఒక్కో పని, కార్డు మీద గుర్తును బట్టి పిల్లవాడే తర్వాతిది తీసుకుంటాడు, టీచర్ అవసరమైన గుంపు దగ్గర కూర్చుంటారు.

వెలుతురు, దూరం, కరెంటు

ప్రొజెక్టర్ కొనాలనుకునేవాళ్లు ముందు ఏప్రిల్‌లో ఉదయం పదకొండు గంటలకు ఆ గదిలో నిలబడి చూడండి. మన ఎండకు కిటికీ తలుపులు మూసినా గది వెలుగుగానే ఉంటుంది. అన్నీ మూసేస్తే ఉక్కపోతకు పిల్లలు కూర్చోలేరు. మామూలు ప్రొజెక్టర్ బొమ్మ ఆ వెలుగులో వెలిసిపోతుంది. కర్టెన్లు, ఫ్యాన్లు ఉన్న ఒక గదిని ప్రత్యేకంగా పెట్టుకోగలిగితేనే ప్రొజెక్టర్ తీసుకోండి. లేకపోతే టీవీయో, ప్యానెలో.

సైజుకు ఒక సులువు లెక్క ఉంది. తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాకా తెర మీది రాత చదవగలం. 32 అంగుళాల టీవీ అయితే దాదాపు 8 అడుగులు, 43 అంగుళాలకు 10 అడుగులకు కాస్త పైన, 65 అంగుళాలకు 16, 75 అంగుళాలకు 18 అడుగులు. ప్రొజెక్టర్‌తో ఆరడుగుల వెడల్పు బొమ్మ వేస్తే ఇరవై అడుగులు దాటుతుంది. మీ వెనక బెంచీ ఇరవై అడుగుల్లో ఉంటే 43 అంగుళాల టీవీ సగం తరగతికే అన్నమాట. టీవీ అంతే ఉంటే పిల్లల్ని బెంచీల మీద నుంచి దింపి ముందు నేల మీద కూర్చోబెట్టండి. తెర మీద కిటికీ వెలుగు మెరవకుండా, కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడకు బిగించాలి.

కరెంటు ఎప్పుడు పోతుందో మనకు తెలియదు. అందుకే ప్యానెల్ మీద ప్లాన్ చేసిన ప్రతి పీరియడ్‌కూ బోర్డు మీద గీసే బొమ్మ ఒకటి నోట్‌బుక్‌లో సిద్ధంగా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

డబ్బు చేతిలో ఉంటే

ఐదు వేలే ఉంటే టీవీ మాట మర్చిపోండి. రాష్ట్ర, దేశ, ప్రపంచ పటాలు, గ్లోబు, చార్టు షీట్లు, రంగు సుద్దముక్కలు, భూతద్దాలు అర డజను, మిగిలితే టార్చ్‌లైట్. డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) రోజుల నుంచి సర్వశిక్షా అభియాన్ దాకా టీచరుకు ఏడాదికి టీఎల్‌ఎం గ్రాంటుగా ఇచ్చింది 500 రూపాయలే. ఆ డబ్బుతోనే మంచి సాధనాలు తయారుచేసిన టీచర్లు కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల్లోనూ ఉన్నారు.

యాభై వేలు ఉంటే నా ఓటు గది కొలతకు సరిపోయే మామూలు పెద్ద టీవీకి, దానికి ఫోన్ కలిపే కేబుల్‌కు, చిన్న స్పీకర్‌కు, వోల్టేజీ స్టెబిలైజర్‌కు. తెర సైజులో పది అంగుళాలు తగ్గినా సరే, స్టెబిలైజర్ మానొద్దు. నలభై వేల వస్తువు ఒక వానాకాలం సాయంత్రం పాడైపోతే మళ్లీ దాత దగ్గరికి వెళ్లలేం. ఆ మొత్తంలో కొంత పటాలకు, నమూనాలకు తప్పకుండా మిగల్చండి.

లక్ష దాటి ఇంటరాక్టివ్ ప్యానెల్ తీసుకునే స్తోమత ఉన్న ప్రైవేటు యాజమాన్యాలు అమ్మకందారును మూడు సంగతులు అడగాలి. రిపేరుకు మనిషి కర్నూలుకో, అనంతపురానికో, కడపకో ఎన్ని రోజుల్లో వస్తాడు? నెట్ లేకుండా పాఠాలు నడుస్తాయా? మొదటి ఏడాది తర్వాత కంటెంట్‌కు విడిగా డబ్బు కట్టాలా? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాయించుకోండి. తర్వాత అన్ని తరగతులకూ ఒకేసారి కొనకుండా ఒక్కటి కొని, సైన్స్, సోషల్, లెక్కల టీచర్లు ముగ్గురూ ఒక టర్మ్ వాడాక, వాళ్లను అడిగి మిగతావి తీసుకోండి.